వేపచెట్టు కింది సోలారు లైటు

అనంతపురం జిల్లాలో సూర్యున్ని మొట్టమొదట పట్టుకొచ్చి స్తంభానికి కట్టేసినోన్ని నేనే. నమ్మకపోతే మా ఊరికి రండి. ధర్మవరం నుంచి ముదిగుబ్బకు పోయే బస్సెక్కి, మా ఊరి మట్టిదోవ మొదలయ్యే స్టాపులో దిగి ఎవర్నైనా అడగండి. ఇప్పటి పిల్లకాయలకు తెలీదు. నా ఈడోళ్ళను అడగండి. నా ఈడోళ్ళు ఇద్దరే మిగిలినారు, అందులో ఒకాయనకు చెవుడు. అయినా గట్టిగా అడగండి.

ఎనభైల నాటి సంగతి. కరెంటు తీగ లేకుండా, ఒక్క చుక్క కిరసనాయిలు పోయకుండా, పగలంతా ఎండ తాగి పొద్దుగూకినాక వాటంతట అవే వెలిగే సోలారు లైట్లు ఆరు మా దోవ పొడుగునా నిలబెట్టించినాను. యాడ నిలబెట్టాల, ఎంతెంత ఎడంగా పెట్టాల, పైనుండే పలక ఏ దిక్కుకు తిప్పాల, అన్నీ నేను చెప్తావుంటే జిల్లా నుంచి వచ్చిన ఇంజనీరు రాసుకున్నాడు.

ఇట్లా చెప్పుకుంటూ ఇన్నేండ్లు గడిపినాను. పెండ్లిండ్లలో చెప్పినాను, ఆస్పత్రి బెంచీల మీద చెప్పినాను. ఒకసారి మడకశిర బస్సులో పక్క సీటు కన్నడాయనకు చెప్తే, ఆయన నాకు దండం పెట్టి దిగినాడు. దిగాల్సిన స్టాపు కంటే ముందే దిగిపోయినాడని కండక్టరు చెప్పినాడు, అది వేరే సంగతి.

ఆ లైట్లు ఎవరి కోసమో మాత్రం చెప్పుకోలేదు. మా అక్క కోసం.

మా అమ్మ తొందరగా పోయింది. నన్ను సాకింది అక్కే. పెండ్లయి పోయిన ఇంటి నుంచి రెండేండ్లకే ట్రంకుపెట్టెతో తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చినావని నాయన ఒక్కసారి అడిగినాడు. "పొద్దుగూకితే నాకు కండ్లు కనపడవని ఆడ నవ్వుతారు నాయనా. నేను గోడ తడుముకుంటా పోతావుంటే పిల్లోళ్ళ చేత దోవలో పీట పెట్టిస్తారు" అనింది. నాయన ట్రంకుపెట్టె ఎత్తి లోపల పెట్టినాడు.

అది రేచీకటి. మా అవ్వకూ ఉండేది. పగలు సూదిలో దారం ఎక్కించే మనిషి, దీపాలు పెట్టే వేళకు గడప వెతుక్కుంటాది. మేక కార్జం తినిపించినాము, ఆకుకూరలు తినిపించినాము, ఆస్పత్రిలో చుక్కలు పోయించినాము. పుట్టుకతో వచ్చింది తిండితో పోదమ్మా అని చివరికి డాక్టరు చెప్పినాడు.

డెబ్బైల చివర్లో అక్క ధర్మవరంలో పనికి కుదిరింది. పట్టుచీరల మగ్గాలు నడిపే ఆసామి ఇంట్లో కండెలకు పట్టుదారం చుట్టే పని. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేది. కండ్ల సంగతి ఆసామికి తెలీదు. తెలిస్తే పట్టుదారం చేతికివ్వడు. ఆ పని పోతే అక్కకు మళ్ళా ఎవరింట్లోనో ఒక మూల కూర్చోవడమే. అది ఆమెకు సచ్చేంత భయం. కాబట్టి పని నిలవాలంటే ఆమె దినమూ సాయంత్రం బస్సు దిగి, ఆ సంగతి ఎవరి కంటా పడకుండా ఇల్లు చేరాల. బస్సేమో సరిగ్గా పొద్దు కుంగి మసకబారే వేళకు వస్తాది. స్టాపు నుంచి ఊరికి మట్టిదోవ, మధ్యలో వానొస్తే పారే ఒక వంక, దాని మీద ఎన్నటికీ కట్టని కల్వర్టు.

అందుకే నేను పోయేవాన్ని. స్టాపులో ఒక వేపచెట్టు, దాని కింద ఒక కాఫీ అంగడి. మా పక్క అంత నీడ ఇంకొకటి లేదు. బస్సు దిగినాక అక్క చెట్టు మొదలు కాడికి వచ్చి నిలబడేది. నేను భుజం మీది టవలు ఒక కొస ఆమె చేతికిచ్చి ముందు నడిచేవాన్ని. చూసేవాళ్ళకు అక్కాతమ్ముళ్ళు ముచ్చట్లాడుకుంటా పోతాండారు అన్నట్లు ఉండేది.

ముచ్చట్లే మరి. అక్క అడిగేది, "ఏముండాదిరా ఈడ?"

"చెనిక్కాయ చేను అక్కా. మోకాలెత్తు లేచింది. పచ్చగా ఉండాది."

ఆ యేడు వేరుశనగ విత్తనం మట్టిలోనే మాడిపోయింది. చేను అంతా గాలికి లేచే ఎర్ర దుమ్ము.

"వంక?"

"పారతాంది."

"శబ్దం లేదేమిరా?"

"మెల్లగా పారతాంది."

ఆమె చెప్పులు ఎండిన ఇసుకలో కరకరమంటా ఉండేవి. నేను మాత్రం ఆపేవాన్ని కాదు. ఒకదినం కొంగల్ని దించినాను. ఇంకొకదినం ఆవలి గట్టు మీద నెమలిని ఆడించినాను. పొద్దున బస్సుకు పోయేటప్పుడు అదే వంకను ఆమె తన కండ్లతోనే చూసేది కదా. ఒక్కనాడూ అబద్ధం అనలేదు. మహా అంటే, "రాత్రికి రాత్రే ఇంకిపోయిందిరా నీళ్ళు, ఏం ఎండలప్పా ఇవి" అనేది. నాకు కోతలు కోయడం ఎట్లా వచ్చిందని నా పెండ్లాం అడుగుతా ఉండేది. ఇట్లా వచ్చింది. వినే మనిషి దొరికింది.

తర్వాత నాకు పంచాయతీ సమితి ఆఫీసులో వర్క్ ఇన్‌స్పెక్టరు పని వచ్చింది. బడి గోడ ఎంతవరకు లేచింది, బోరింగు పంపు యాడ కూలబడింది అని ఊరూరూ తిరిగి చూసొచ్చే పని. పేరు పెద్దది. ఒక సైకిలిచ్చినారు, దానికి బెల్లు లేదు. ఒకసారి ముదిగుబ్బ అవతల ఒక పని కాడ సిమెంటు లారీ వేళకు రాక, సరుకు దిగేదాకా నేను కదలడానికి లేకపోయింది. సైకిలు తొక్కుతా స్టాపు చేరేసరికి పూర్తిగా చీకటి. కాఫీ అంగడి మూసేసినాడు. అక్క వేపచెట్టుకు వీపు ఆనించుకొని, క్యారియరు ఒళ్ళో పెట్టుకొని కూర్చోని ఉండాది. అంగడాయన పోతాపోతా "ఏమక్కా, ఇంటికి పోవా?" అని అడిగినాడంట. "తమ్ముడు ఈడనే ఉండమన్నాడప్పా, సామాన్లు మోసేది ఉండాది" అనిందంట.

నా సైకిలు చప్పుడు విని లేచి నిలబడింది. తిడుతుందనుకున్నాను. చెయ్యి ముందుకు చాపి టవలు కొస వెతుక్కుంటా, "ఈ పొద్దు వంక పారతాందేమిరా?" అని అడిగింది.

ఆ దినం నా నోటికి ఒక్క కొంగ కూడా రాలేదు.

ఆ మరుసటి యేడు ఆఫీసులో మాట పుట్టింది. ఎండతో వెలిగే లైట్లు వచ్చినాయంట, మన సమితిలో ఒక ఊరికి చూపించడానికి ఆరు ఇస్తారంట అని. ఎండే కదా కావాల్సింది, మా ఊర్లో అది తప్ప ఇంకేం పండుతాది? మా ఊరి పేరు నేనే రాయించినాను. ఇందులో కోత లేదు.

ఇంజనీరు వచ్చిన దినం ప్రెసిడెంటు ఇంటి అరుగు మీద పంచాయితీ. ఇంజనీరు వయసులో నాకంటే చిన్నోడు, నెత్తికి రుమాలు కట్టుకొని వచ్చినాడు. ప్రెసిడెంటుదొకటే పాట.

"నా ఇంటి ముందర ఒకటి, దేవళం కాడ ఒకటి, బడి కాడ ఒకటి. మిగతావి మీ ఇష్టం."

"మీ ఇంటి ముందర ఆల్రెడీ కరెంటు బల్బు ఉంది కదండీ," అన్నాడు ఇంజనీరు.

"అది వెలగదప్పా."

"వెలగకపోతే లైన్‌మన్‌కు చెప్పాల, సూర్యునికి కాదు," అన్నాను నేను. అరుగు మీద అందరూ నవ్వినారు. ప్రెసిడెంటు నవ్వలేదు.

ఇప్పుడు మొదట కోసిన కోత విప్పాల. కరెంటు తీగ ఊర్లో ఉంది, దోవలో లేదు, కాబట్టి లైట్లు దోవకే పోవాలని తేల్చింది నేను కాదు, ఇంజనీరే. పలకలు దక్షిణానికి తిప్పి కొంచెం వాల్చాలని చెప్పింది కూడా ఆయనే. నేను ఆ రెండు దినాలూ ఆయన నెత్తి మీద గొడుగు పట్టినాను, టేపు కొస పట్టుకున్నాను. సూర్యున్ని కట్టేసింది ఆయన. తాడు నేను అందించినాను. అంతే.

కానీ రెండు మాటలు నావే. ఒకటి, వేళ సంగతి. ఇంజనీరు అడిగినాడు: బ్యాటరీలో నిండేది కొంతే, దాన్ని తెల్లవార్లూ మసకమసకగా వెలిగించాల్నా, సాయంత్రం కొన్ని గంటలు గట్టిగా వెలిగించాల్నా అని. దొంగల భయానికి తెల్లవార్లూ ఉండాలన్నారు ఊరోళ్ళు. "మా ఊర్లో దొంగలు ఎత్తుకపోయేదేముండాది? చివరి బస్సు దిగేది సాయంత్రం. మనుషులు నడిచేటప్పుడు వెలగనీ, పండుకున్నాక ఎవరికి?" అన్నాను. ఇంజనీరు నా వైపు చూసి సరేనన్నాడు.

రెండోది, ఎడం సంగతి. ఒక లైటు కింద నిలబడితే తర్వాతి లైటు కనపడాల. ఎవరికి కనపడాల? అక్కకు. అందుకని ఒక సాయంత్రం ఆమెను దోవ మధ్య నిలబెట్టి, ఒక కర్రకు లాంతరు కట్టుకొని నేను ముందుకు నడుస్తా పోయినాను.

"కనపడ్తాందా అక్కా?"

"కనపడ్తాంది."

ఇంకా పోయినాను.

"ఇప్పుడు?"

"బాగా కనపడ్తాంది, పో."

ఇంకా పోతే గాలి కొట్టి లాంతరు ఆరిపోయింది. అగ్గిపెట్టె తడుముకుంటా, ఊరికే అడిగి చూసినాను. "ఇప్పుడు?"

"కనపడ్తాందిరా, ఎంత తెల్లగా ఉండాదో!"

ఆరిపోయిన లాంతరు పట్టుకొని చీకట్లో నిలబడి నవ్వినాను. ఆమె నా గొంతును బట్టి చెప్తాండాది. తమ్ముడు ఆరు లైట్లతో దోవంతా నింపాలని చూస్తాండాడు, దగ్గర దగ్గరగా పెడితే ఊరి దాకా రావని ఆమె భయం. నేను వంక పారించినట్టే ఆమె లాంతరు వెలిగించింది. మళ్ళా మొదటి నుంచి కొలిచినాము. ఈసారి లాంతరును తువ్వాలు అడ్డం పెట్టి దాచి దాచి అడిగినాను. నిజంగా కనపడిన చోటల్లా చిన్న రాళ్ళ కుప్ప పెట్టినాను. మరుసటి దినం ఇంజనీరు ఆ కుప్పలు చూసి, "ఇంత దగ్గరెందుకు?" అన్నాడు. దోవ వంకరగా ఉండాది సార్ అన్నాను. దోవ గీత గీసినట్లు ఉండాది. ఆయన దోవ వైపు చూసినాడు, నా మొహం చూసినాడు, గీతలు గీసుకున్నాడు. ఆరు లైట్లు స్టాపు నుంచి వంక దాటేదాకా సరిపోయినాయి. అక్కడి నుంచి ఊరి బల్బులు అందుకుంటాయి.

మొదటి స్తంభం వేపచెట్టు కిందే పెట్టాలని అందరమూ ఒకే మాట మీద నిలబడినాము. కింద బ్యాటరీ పెట్టె ఉంటాది, అంగడాయన కన్నేసి ఉంటాడు. బస్సు కోసం కూర్చునేది ఆడనే. అక్క నిలబడేది ఆడనే. ఇంజనీరు తలెత్తి చెట్టును చూసినాడు. అది శివరాత్రి ముందర, వేప ఆకు రాల్చే రోజులు. కొమ్మల మధ్య నుంచి ఆకాశమంతా కనపడతా ఉండింది. ఎండ నేరుగా నేల మీద పడతాండాది. ఆయన కోస్తా వైపు మనిషి, చూసింది బోడి చెట్టు. మేము పుట్టినప్పటి నుంచి ఆ చెట్టు కింద కూర్చునేవాళ్ళము, ఇంకో నెలకు అది ఎట్లుంటుందో కండ్లు మూసుకొని చెప్పగలిగినోళ్ళము. ఒక్కరికీ తట్టలేదు. ఎండలకు పుట్టి పెరిగిన మాకు ఏ మంచి వస్తువునైనా నీడలో పెట్టడమే అలవాటు. కుండను నీడలో పెడతాము, ఎద్దును నీడలో కడతాము. లైటునూ నీడలో పాతినాము.

మొదటి సాయంత్రం ఊరు ఊరంతా స్టాపుకొచ్చింది. పొద్దు కుంగింది. ఎవరూ ముట్టుకోకుండానే తెల్లటి ట్యూబు టపటపమని వెలిగింది. ఆ వెనకాల రెండోది, మూడోది, వరసగా. "స్విచ్చి ఎవరేసినారప్పా?" అని ఒక ముసలామె నన్నే అడిగింది. నేనే అన్నాను. బస్సు వచ్చింది. అక్క దిగి, లైటు కింద నిలబడి, తన చేతుల్ని రెండు పక్కలా తిప్పి చూసుకుంది. టవలు పట్టుకోకుండా ఆ దినం ఇల్లు చేరింది.

ఉగాది వచ్చింది. వేప చిగురించింది. మా నేల మీద చుక్క వాన లేకపోయినా ఆ చెట్టు మాత్రం యేటా పండగకు బట్టలు కట్టుకున్నట్లు నిండుతాది. పదిమందికి చల్లగా నీడ. దాని పక్కనే స్తంభం, స్తంభం మీద పలక, ఆ పలక మీద కూడా చల్లగా నీడ. ఐదు లైట్లు వెలుగుతాండాయి, మొదటిది పొద్దుగూకగానే కండ్లు తెరిచి, బస్సు వచ్చేలోగా మూసేస్తాంది. దుమ్మేమో అని నిచ్చెనేసి తడిగుడ్డతో తుడిచినాను. బ్యాటరీలో నీళ్ళు పోయించినాను. నిచ్చెన మీద ఉండగా నా నెత్తిన వేపపువ్వు రాలింది. అప్పుడు అర్థమైంది.

మొదటి లైటు లేకపోతే అక్కకు రెండో లైటు దాకా దోవ లేదు. నేను లేటైన దినం మళ్ళా చెట్టు మొదలే గతి. మళ్ళా టవలు మొదలైంది. చెట్టు కొట్టాలని ఎవరంటారు? అన్నోన్ని ఊర్లో అడుగు పెట్టనీరు. నేను ప్రెసిడెంటును ఒప్పించి కొమ్మలు నరికించినానని చాలామందికి చెప్పినాను. అదీ కోతే. నేను ఆయన ఇంటి దాకా పోయి, కాఫీ తాగి, కరెంటు బల్బు గురించి మాట్లాడి వచ్చినాను.

చేసింది అక్క. అమావాస్యకు మగ్గాలోళ్ళకు సెలవు. ఆ దినం మేకలోన్ని పిలిచింది. ఎండాకాలం మేత లేక మేకలు గుడ్డలు నములుతాండాయి. కరువులో మేకలకు కొమ్మ కొడితే ఎవరూ అడ్డం చెప్పరు, అది మా పక్క కట్టుబాటు. వాడు కొమ్మలు కోసే దోటి తీసుకొచ్చినాడు. అక్క స్తంభానికి దక్షిణంగా ఉండే కొమ్మల్నే చూపించింది. అంగడాయన అడిగినాడు, "ఏమక్కా, ఈ పక్కే ఎందుకు?" "ఈ పక్క ఆకు లేతగా ఉండాదప్పా," అనింది. సాయంత్రానికి మేకలు సగం నీడ తిని పోయినాయి.

ఆ ఎండాకాలమంతా పొద్దున బస్సు కోసం నిలబడినోళ్ళు మేకలోన్ని తిట్టినారు. అక్క కూడా వాళ్ళతో పాటు కొంగు నెత్తిన కప్పుకొని ఎండలో నిలబడి, వాన్ని నాలుగు తిట్టింది. సాయంత్రం మాత్రం లైటు నిలబడి వెలిగింది.

ఆ తర్వాత అక్క, "ఇంక నువ్వు రావాల్సిన పని లేదులేరా," అనింది. నేను మానుకున్నాను. ఆమె ఆ లైట్ల వరసలో ఒక్కతే నడిచి, ఎన్నేండ్లో ఆ పని చేసింది. ఆసామికి చివరిదాకా తెలీలేదు. లైట్లు ఒకటొకటే పాడైనాయి, అప్పటికి దోవకు కరెంటు వచ్చింది. ఇప్పుడైతే ఏ మలుపు చూసినా సోలారు లైటే, పలకా బ్యాటరీ అన్నీ ఒకే డబ్బాలో. రాప్తాడు దాటినాక రోడ్డు పొడుగునా వరసగా వెలుగుతాంటాయి. బస్సు కిటికీలోంచి వాటిని చూస్తావుంటే నాకు ఆ లైట్లు గుర్తురావు. వాటికి ముందరి చీకటి గుర్తొస్తాది. వెనకాల టవలు కొస మెల్లగా లాగుతా ఉండే చెయ్యి గుర్తొస్తాది. ఒట్టి ఇసుకలో నేను పారించిన నీళ్ళు గుర్తొస్తాయి. అన్ని నీళ్ళు మా వంకలో మళ్ళా పారలేదు. ఆమె పొమ్మంటే వచ్చేసినాను గానీ, నాకు ఆ దోవ చాలలేదు.

ఇంతవరకు రాసి అక్కకు చదివి వినిపించినాను. మా ఇంట్లోనే ఉంటాది. ఇప్పుడు ఆమెకు పగలు కూడా మసకే. చాటలో చెనిక్కాయలు పోసుకొని తడుముతా ఒలుస్తాండాది. కన్నడాయన సంగతికి నవ్వింది. ఆరిపోయిన లాంతరు కాడ, "నాకు తెల్సురా ఆరిపోయిందని, కిరసనాయిలు వాసన కొట్టింది" అనింది. చివరికి వచ్చినాక చేతులు ఆపింది.

"రావద్దని నేను యాడ అంటిరా?"

"అంటివి అక్కా. మేకలు కొమ్మలు తినిపోయిన వారానికి."

"అన్లే. అమావాస్య మరుసటి దినం బస్సు దిగి లైటు కింద నిలబడినా. నువ్వు రాలే. ఆ మరుసటి దినమూ రాలే. నీకు కొత్తగా పెండ్లి. లైటుండాది కదా, అక్క వస్తాదిలే అనుకున్యావు. నేను అడగలే, నువ్వు చెప్పలే. పోయేటప్పుడు వంక కాడ ఆగి చూస్తి. నీ లైటులో ఒట్టి ఇసుక. అంతా సరిగ్గా కనపడింది." చాటలోంచి ఒక కాయ తీసి పటుక్కున ఒలిచింది. "పొమ్మన్నానని రాసినావే, అది కొట్టెయ్. నువ్వే రాలేదని రాయి."